ఆటిజం బిడ్డ తిండి: కణేకల్ వంటింటి నుంచి విశేషాలు

కణేకల్‌కు ఒక పక్క హగరి ఏటి నుంచి గాలికి కొట్టుకొచ్చే ఇసుక, ఇంకో పక్క తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు. ఊళ్లో అందరూ హెచ్చెల్సీ అనే ఆ కాలువ పారిన చోట వరి, పారని చోట చెనిక్కాయ, జొన్న, కొర్ర. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం జిల్లాలో ఇదో మండల కేంద్రం. ఆటిజం పిల్లల ఆహారం గురించి సలహాలు ఇచ్చేవాళ్లకు ఇలాంటి ఊరు గుర్తురాదు. వాళ్లు చెప్పేవన్నీ బాదం పాలు, కినోవా, వేల రూపాయల పొడి డబ్బాలు. ఆటిజం మాత్రం ఊరు చూసుకుని రాదు. హైదరాబాద్‌తో కలిపి దేశంలో ఐదు చోట్ల చేసిన ఇన్‌క్లెన్ అధ్యయనం 2018లో వెలువడింది. దాని ప్రకారం మన పిల్లల్లో దాదాపు నూటికి ఒకరికి ఆటిజం ఉంది. పల్లె పిల్లలూ ఆ లెక్కలో ఉన్నారు. అందుకే ఈ సంగతులన్నీ రాగి పిండి, పప్పుల పొడి, బొరుగులు ఉండే వంటింట్లో కూర్చుని చెప్పుకుందాం.

మొదటి బిడ్డకే తిండి పేచీ

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజం గురించి వైద్యలోకం ఇవాళ మాట్లాడుకునే చాలా సంగతులకు మొదలు ఆ వ్యాసమే. అందులో మొదటి కేసు డొనాల్డ్ అనే పిల్లవాడు. కొడుకు గురించి తండ్రి 33 పేజీలు టైపు చేయించి డాక్టరుకు పంపాడు. పిల్లవాడు మొదటినుంచీ సరిగా తినడని, ఆకలి మామూలుగా లేదని అందులో ఉంది. 11 మందిలో ఆరుగురికి పసితనం నుంచే తిండి పెద్ద కష్టమైందని కానర్ పేర్లతో సహా రాశాడు.

తల్లి ప్రేమ చాలకే పిల్లలు ఇలా అవుతారనే మాట ఆ తర్వాత చాలా ఏళ్లు చలామణి అయింది. అది తప్పని ఎప్పుడో తేలిపోయింది. అయినా 'తల్లికి పెట్టడం చేతకాక' అనే మాట మన ఇళ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. ఆ మాట ఇక ఆగాలి.

నూటికి డెబ్బై మంది

2019లో అమెరికాలో అచ్చయిన ఒక పెద్ద పరిశీలన ప్రకారం ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు 70 శాతం మందికి తిండి విషయంలో అసాధారణమైన పట్టింపులు ఉన్నాయి. మామూలు పిల్లల్లో అలాంటివాళ్లు 5 శాతం లోపే. నాలుగైదు రకాలే తినడం, ఒకే రంగు తినడం, ఒకే కంపెనీ బిస్కెట్ తినడం, నోట్లో పెట్టుకుని మింగకుండా గంటసేపు ఉంచుకోవడం, ఇవన్నీ వాటిలోకి వస్తాయి. మాట ఆలస్యమైందని గుర్తించక ముందే ఈ పట్టింపులు కనబడే పిల్లలు ఉన్నారు. పిల్లల డాక్టర్లు తిండి గురించి తప్పక అడగాల్సిన కారణం ఇదే.

బిస్కెట్ ఎందుకు గెలుస్తుంది

వంకాయ ఒకరోజు మెత్తగా, ఒకరోజు గింజలతో, ఒకరోజు చేదుగా ఉంటుంది. టమాటా పైన గట్టి తోలు, లోపల జారే గుజ్జు. బిస్కెట్ మాత్రం నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది: అదే రంగు, అదే అంచు, కొరికితే అదే చప్పుడు. వాసన, రుచి, స్పర్శ, శబ్దం మనకన్నా ఎన్నో రెట్లు తీవ్రంగా తగిలే బిడ్డకు ఆ మార్పులేనితనం గొప్ప భరోసా. ప్యాకెట్ మీద బొమ్మ మారిస్తే అదే బిస్కెట్‌ను ముట్టుకోని పిల్లలు ఉన్నారు. దాన్ని మొండితనం అనుకుంటే తర్వాత వేసే అడుగులన్నీ తప్పుతాయి.

బియ్యంలో ఆ వేరే గింజ

రేషన్ బియ్యం చేటలో పోసి చూడండి. నూరు గింజలకు ఒకటి చొప్పున కాస్త పాలిపోయి, కాస్త మొద్దుగా ఉన్న గింజ కనిపిస్తుంది. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి మళ్లీ గింజ ఆకారంలో ఒత్తి చేసిన బలవర్ధక బియ్యం అది. 2024 నాటికి దేశమంతా రేషన్ దుకాణాల్లోకి, బడి భోజనంలోకి వచ్చింది. కొత్తలో చాలా ఊళ్లలో ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేశారు.

మన కంటికి ఆనని తేడా కూడా ఆటిజం ఉన్న కొందరు పిల్లల కంటికి ఇట్టే ఆనుతుంది. కంచంలో ఆ ఒక్క గింజ కనబడితే మొత్తం అన్నం తోసేస్తారు. 'నిన్నటిదాకా తిన్నాడు, ఇవాళ ఎందుకు వద్దంటున్నాడు' అని తల్లి తలపట్టుకుంటుంది. బియ్యం మార్చినప్పుడు అన్నం వద్దంటే మొదట చూడాల్సింది ఇదే. గింజలు ఏరేయడం కన్నా అన్నం మెత్తగా వండి, వేలితో మెదిపి పెట్టడం మేలు. అలాంటి బిడ్డకు తక్కువయ్యే ఐరన్ ఆ గింజలోనే ఉంది.

బొరుగుల నుంచి ఉగ్గాని దాకా

తినే దాని నుంచి తినని దానికి ఒక్కో అడుగు చొప్పున తీసుకెళ్లడం ఫీడింగ్ థెరపిస్టులు ఎక్కువగా వాడే పద్ధతి. ఒక్కసారికి ఒక్క గుణమే మార్చాలి. రంగు మారిస్తే రుచి అలాగే ఉండాలి, రుచి మారిస్తే మెత్తదనం అలాగే ఉండాలి. ఈ పద్ధతికి అనంతపురం, బళ్ళారి ప్రాంతపు వంటకాలు అచ్చంగా సరిపోతాయి.

ఉత్త బొరుగులు మాత్రమే నమిలే బిడ్డ ఉన్నాడనుకుందాం. మొదటి వారం అవే బొరుగులు, అదే గిన్నె. పక్కనే ఇంకో చిన్న గిన్నెలో రెండు చుక్కల నూనె, ఉప్పు కలిపిన గుప్పెడు బొరుగులు పెట్టండి. తినమనొద్దు. ముట్టుకుంటే చాలు, వాసన చూస్తే ఇంకా మంచిది. అవి అలవాటయ్యాక చిటికెడు పప్పుల పొడి చల్లండి. వేయించిన శనగపప్పు పొడి కాబట్టి మాంసకృత్తులు కడుపులోకి వెళ్లడం అక్కడ మొదలవుతుంది. తర్వాత నూనెలో చిటికెడు పసుపు వేసి రంగు మార్చండి. కరకర ఇంకా పోలేదు. ఆ రంగుతో సర్దుకున్నాక కొన్ని బొరుగుల మీద మాత్రం నీళ్లు చిలకరించి, సగం మెత్త, సగం గట్టిగా ఉన్నప్పుడే ఇవ్వండి. ఆఖరున నీళ్లలో తడిపి పిండిన బొరుగులతో ఉల్లిపాయ, మిరపకాయ లేని ఉగ్గాని. ఉల్లిపాయ చేర్చడానికి ఇంకో నెల పట్టినా పరవాలేదు.

కొత్త పదార్థం ఒక బిడ్డకు నచ్చాలంటే పది, పదిహేనుసార్లు కళ్లముందు పడాలని పిల్లల ఆహారం మీద పనిచేసినవాళ్లు చెబుతారు. ఆటిజం ఉన్న బిడ్డకు అంతకన్నా ఎక్కువ సార్లే కావాలి. మూడుసార్లు వద్దనగానే 'వీడికి ఇది పడదు' అని తీర్మానించేస్తే ఆ పదార్థం శాశ్వతంగా పోయినట్టే. ఒక హెచ్చరిక: బిడ్డ ఇష్టంగా తినే దానిలో తెలియకుండా మందో, కూరో దాచి పెట్టొద్దు. పట్టుకున్నాడంటే ఉన్న ఆ ఒక్క తిండి మీదా నమ్మకం పోతుంది.

ముక్కు మూసి పోయడం

కొన్ని ఇళ్లలో అవ్వలు ఇప్పటికీ బిడ్డను కాళ్ల మధ్య పడుకోబెట్టి, ముక్కు పట్టుకుని, నోరు తెరవగానే జావ పోస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ జావ ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది, ఊపిరాడక ప్రాణం మీదికి రావచ్చు. తిండి అంటేనే భయం పుట్టి, ఆ తర్వాత నెలల తరబడి గిన్నె చూస్తేనే ఏడ్చే పిల్లలున్నారు. ఈ ఒక్క పద్ధతినైనా ఇవాళే మానెయ్యాలి.

కుంటే బిడ్డకు ఉసిరికాయ

బిడ్డ నడవనంటాడు, కాలు ముట్టుకుంటే ఏడుస్తాడు, చిగుళ్లు వాచి రక్తం కారుతుంది. ఎక్స్‌రేలు, ఎమ్మారై, ఎముక మజ్జ పరీక్షలు అన్నీ అయ్యాక చివరికి ఎవరో 'ఏం తింటాడు?' అని అడుగుతారు. అప్పుడు తేలుతుంది, స్కర్వీ అని. సముద్ర ప్రయాణాలు చేసిన నావికుల జబ్బుగా పాఠాల్లో చదువుకున్న ఈ విటమిన్ సి లోపం, ఒకటి రెండు రకాలే తినే ఆటిజం పిల్లల్లో కనబడినట్టు అమెరికా లాంటి సంపన్న దేశాల వైద్య పత్రికల్లోనే కేసులు నమోదయ్యాయి. ఏళ్ల తరబడి వేపుళ్లు, బిస్కెట్ల మీదే బతికి, విటమిన్ ఏ తగ్గి చూపు పోగొట్టుకున్న పిల్లల కేసులూ ఉన్నాయి.

జాతీయ పోషకాహార సంస్థ పట్టికలో నూరు గ్రాముల ఉసిరికాయలో 250 మిల్లీగ్రాముల దాకా, జామకాయలో 200 పైన విటమిన్ సి ఉంది. కమలాపండు వాటికి చాలా దూరం. ఈ జిల్లా సంతల్లో జామకాయ ఖరీదైన సరుకేం కాదు. కరకరలాడేది ఇష్టపడే బిడ్డకు దోరజామ ముక్క, మెత్తనిది ఇష్టపడే బిడ్డకు గింజలు తీసిన పండు జామ గుజ్జు. ఉడికిస్తే విటమిన్ సి చాలావరకు పోతుంది కాబట్టి పచ్చిదే పెట్టాలి.

గోధుమ, పాలు మాన్పిస్తే ఆటిజం తగ్గుతుందా?

ఆటిజం అని తెలిసిన మర్నాటి నుంచే తల్లిదండ్రుల చెవిన పడే మాట ఇది. దాని పుట్టుక 1979లో. యాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త ఆటిజం వెనుక మెదడులోని నల్లమందు లాంటి రసాయనాల పాత్ర ఉండొచ్చని ఊహించాడు. గోధుమలోని గ్లూటెన్, పాలలోని కేసిన్ సరిగా అరగక అలాంటి రసాయనాలుగా మారి మెదడుకు చేరుతున్నాయేమోనని తర్వాత కొందరు ఆ ఊహను పొడిగించారు. వినడానికి సబబుగా ఉంది. ఎన్నో ఇళ్లకు పాకింది.

పరీక్షించినప్పుడు ఏం తేలింది? అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం బృందం 14 మంది పిల్లలను వారాల తరబడి గ్లూటెన్, కేసిన్ లేని ఆహారం మీద ఉంచింది. తర్వాత వారం వారం ఒక చిరుతిండిలో ఒకసారి గ్లూటెన్, ఒకసారి కేసిన్, ఒకసారి రెండూ, ఒకసారి ఏదీ లేకుండా దాచి ఇచ్చింది. ఎప్పుడు ఏది ఇచ్చారో తల్లిదండ్రులకూ తెలియదు, పరిశీలించేవాళ్లకూ తెలియదు. నిద్రలో, ప్రవర్తనలో, విరేచనాల్లో తేడా కనబడలేదు. 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 14 మంది చిన్న సంఖ్యే, నిజమే. కానీ ఇంత జాగ్రత్తగా చేసిన పరీక్షలు ఈ రంగంలో ఎక్కువ లేవు. అంతకుముందు 2008లో కోక్రేన్ సమీక్ష కూడా ఈ పథ్యానికి గట్టి ఆధారం లేదనే తేల్చింది.

అదే 2008లో వచ్చిన ఇంకో పరిశోధన నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆటిజం ఉన్న 75 మంది మగపిల్లల చేతి ఎముకలను ఎక్స్‌రే తీసి చూశారు. వాళ్ల ఎముకల గట్టి పొర ఉండాల్సిన దానికన్నా పలచగా ఉంది. పాలు మాన్పించిన పిల్లల్లో ఆ లోటు ఇంకా ఎక్కువ.

ఈ లెక్కను కణేకల్‌కు తెచ్చి చూడండి. జొన్నరొట్టె, రాగి సంగటి, కొర్రన్నం, వరన్నం, వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. గోధుమ మాన్పించడం ఇక్కడ అంత పెద్ద పనేం కాదు, ఉప్మా, చపాతీ, బిస్కెట్, మాల్ట్ పొడులు ఆపితే చాలు. పోతే అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెలతో చేసింది. ఈ పథ్యం పేరుతో దాన్ని పక్కన పెడితే మూడేళ్లలోపు బిడ్డ ఉచితంగా అందే బలాన్ని పోగొట్టుకుంటాడు. ఇక పాలు మాన్పించడం అంతకన్నా పెద్ద నష్టం. అనంతపురం జిల్లాలో బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లు ఎన్నో ఉన్నాయి. కాల్షియం తక్కువైన ఎముక మీద ఫ్లోరైడ్ ఇంకా గట్టిగా దెబ్బ తీస్తుంది. అలాంటి చోట ఆధారం లేని పథ్యం కోసం గ్లాసు పాలు లాక్కోవడం అన్యాయం.

పాలు పడని పిల్లలు ఉండరా అంటే ఉంటారు. గోధుమ పడని సీలియాక్ జబ్బు కూడా ఉంది, దానికి రక్తపరీక్ష ఉంది. గోధుమ మాన్పించాక ఆ పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు. కాబట్టి ముందు పరీక్ష, తర్వాతే పథ్యం.

రాగి లెక్క

నాలుగు నుంచి ఆరేళ్ల బిడ్డకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. నూరు గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాములు ఉన్నాయి. గ్లాసు పాలలో సుమారు 240. నువ్వుల్లో నూరు గ్రాములకు వెయ్యి పైన. మునగాకులో 300 పైన. పాలు నిజంగానే పడని బిడ్డకు రాగి సంగటి, చెంచాడు నువ్వుల పొడి, పప్పులో గుప్పెడు మునగాకు కలిస్తే లోటు చాలావరకు పూడుతుంది. రాగులు నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టిస్తే కాల్షియం, ఐరన్ ఒంటికి ఎక్కువగా పడతాయి. ఎండాకాలం తాగే పులిసిన అంబలి కూడా ఆ పనే చేస్తుంది.

సంగటికి ఇంకో సుగుణం ఉంది. అంతా ఒకే రంగు, ఒకే మెత్తదనం, మధ్యలో ఏ ముక్కా తగలదు. ముద్ద మింగడమే తప్ప నమిలే పని తక్కువ. ముక్కలంటే భయపడే బిడ్డకు ఇంతకన్నా మంచి మొదటి మెట్టు దొరకదు. నమలడం అలవాటు కావడానికి వేరే తిండి పక్కన సాగుతూనే ఉండాలి.

తట్టలో గడులు, బడిలో గోల

పప్పూ అన్నం కలిపి పెట్టడం మన అలవాటు. ఒకదానికొకటి తగిలిన తిండిని చూస్తేనే వికారపడే పిల్లలు ఆటిజంలో చాలామంది. గడులున్న తట్టలోనో, మూడు చిన్న గిన్నెల్లోనో ఇస్తే అదే పప్పు, అదే అన్నం విడివిడిగా తినేస్తారు. కలిపే పని కడుపే చేసుకుంటుంది.

రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో 2023 మార్చిలో రాగి జావ మొదలైంది, వారానికి మూడు రోజులు. గుడ్డు అంతకుముందు నుంచే ఉంది. 2024 నుంచి ఈ బడి భోజన పథకాన్ని డొక్కా సీతమ్మ పేరుతో పిలుస్తున్నారు. తిండి మంచిదే. ఆటిజం బిడ్డకు అడ్డు వచ్చేది గోల: వందమంది ఒకేసారి, స్టీలు తట్టల చప్పుడు, సాంబారు వాసన, వరసలో తోపులాట. పది నిమిషాలు ముందుగా, ఒక మూలన, రోజూ అదే చోట కూర్చోబెడితే తినే బిడ్డ ఉంటాడు. దీనికి పైసా ఖర్చు లేదు. టీచరమ్మ ఒప్పుకోవాలి, అంతే.

కడుపునొప్పి తల బాదుకుంటే

మాట రాని బిడ్డ కడుపునొప్పి అని చెప్పలేడు. తల బాదుకుంటాడు, చెయ్యి కొరుక్కుంటాడు, బల్ల అంచు మీద పొట్ట ఆనించి వాలుతాడు, అర్ధరాత్రి లేచి ఏడుస్తాడు. 'పిచ్చి ముదిరింది' అనుకుని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్తారు. 2014లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను కలిపి చూస్తే, ఆటిజం పిల్లల్లో కడుపు బాధలు మిగతావాళ్లకన్నా నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. మలబద్ధకం వాటిలో ముందు వరుసలో ఉంది. బిస్కెట్టు, తెల్లన్నం, నీళ్లు తక్కువ, పైగా మే నెల ఎండ. ప్రవర్తన ఉన్నట్టుండి చెడితే మొదట విరేచనం ఎప్పుడు అయిందో గుర్తు చేసుకోండి. దాహం వేసిందని అడగలేని బిడ్డకు గంటగంటకూ రెండు గుక్కల నీళ్లు, మజ్జిగ మనమే ఇవ్వాలి.

మట్టి తినే బిడ్డ

గోడ సున్నం, మట్టి, సుద్దముక్క, కాగితం. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇవి తినే అలవాటు మిగతా పిల్లలకన్నా బాగా ఎక్కువ. వెనుక రక్తహీనత ఉండొచ్చు, అందుకే ముందు హిమోగ్లోబిన్ చూడాలి. పాత పెయింటు పెచ్చుల్లో సీసం ఉంటుంది, అది మెదడుకు విషం. మట్టితో నులిపురుగులూ వస్తాయి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఈ పిల్లలకు మరీ ముఖ్యం. 'వీడు మింగడు' అని వదిలేయకండి, పొడి చేసి నీళ్లతో ఇవ్వవచ్చు.

పేగుల్లో సూక్ష్మజీవుల కథ

పేగుల్లోని సూక్ష్మజీవుల తేడా వల్లే ఆటిజం వస్తుందని కొన్నేళ్లుగా ప్రచారం ఉంది, దాని మీద పొడులు, మాత్రలు అమ్ముడవుతున్నాయి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 247 మంది పిల్లల మలం పరీక్షించి 2021లో 'సెల్' పత్రికలో చెప్పింది దీనికి తలకిందులు. ఆటిజం వల్ల తిండి రకాలు తగ్గుతున్నాయి, రకాలు తగ్గడం వల్ల పేగుల్లో జీవుల వైవిధ్యం తగ్గుతోంది. డబ్బా కొనే ముందు ఈ వరస గుర్తుపెట్టుకోవాలి.

భీమవరం బిడ్డ తయారుచేసిన విటమిన్

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టని జబ్బు అది. అమెరికా వెళ్లిన సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలలో తన బృందంతో కలిసి 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. అదే ఆ తర్వాత స్ప్రూకు మందయింది. ఇవాళ గర్భిణులకు ఇచ్చే మాత్రలోనూ, పైన చెప్పిన రేషన్ బియ్యం గింజలోనూ ఉన్నది ఆ విటమినే.

ఫోలిక్ ఆమ్లం కుటుంబానికే చెందిన ఫోలినిక్ ఆమ్లం అనే మందును ఆటిజం ఉన్న 48 మంది పిల్లల్లో పన్నెండు వారాలు పరీక్షించి, కొందరిలో మాట మెరుగైందని 2018లో ఒక బృందం రాసింది. ఆశ కలిగించే వార్తే గానీ, పిల్లలందరికీ పనికొస్తుందని తేలలేదు. మందుల దుకాణంలో దొరికే ఫోలిక్ ఆమ్లం మాత్ర, ఈ మందు ఒకటి కావు. డాక్టరు రాయకుండా వాడకూడదు.

మందు పెంచే ఆకలి

కోపం, తనను తాను గాయపరచుకోవడం తగ్గించడానికి కొందరు పిల్లలకు రిస్పెరిడోన్ రాస్తారు. 2002లో 101 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో ఎనిమిది వారాల్లో మందు వాడినవాళ్లు సగటున 2.7 కిలోలు పెరిగారు, వాడనివాళ్లు 0.8 కిలో. తినని బిడ్డ తింటున్నాడని ఇంట్లో సంతోషిస్తారు. ఆ ఆకలికి చక్కెర బిస్కెట్లు దొరికితే రెండేళ్లలో ఇంకో జబ్బు మొదలవుతుంది. మందు మొదలైన రోజే బరువు రాసుకోవాలి, నెలనెలా తూకం వేయాలి. అంగన్‌వాడీలో తూకం యంత్రం ఉంది.

చెనిక్కాయ

ఈ జిల్లా పంటే. నూరు గ్రాముల్లో పావు వంతు మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, మాంసం వాసన భరించలేని బిడ్డకు చెనిగింజల పొడి, ఊరిబిండి, బెల్లం చిక్కీ ఆ లోటు తీరుస్తాయి. రెండు జాగ్రత్తలు ఉన్నాయి. సరిగా నమలని బిడ్డకు గింజలు గింజలుగా ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. బూజు పట్టినవి, నల్లబడినవి, చేదుగా ఉన్నవి ఒక్కటి కూడా వాడొద్దు. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోయింది బూజు పట్టిన వేరుశనగ పిండి తినే. ఆ బూజు విషానికి తర్వాత అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. పిల్లల కాలేయానికి అది చెరుపు.

డబ్బు పోయేవి, ప్రాణం పోయేవి

ఒంటె పాలు, ఒమేగా-3 నూనెలు, బీ6-మెగ్నీషియం మాత్రలు ఆటిజాన్ని తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. వీటితో పోయేది ఎక్కువగా డబ్బే. ఒంట్లో లోహాలు తీస్తామంటూ చేసే కీలేషన్ వేరు, అది ప్రమాదం. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఐదేళ్ల ఆటిజం బిడ్డ ఆ ఇంజెక్షన్‌తోనే చనిపోయాడు.

ఎవరిని అడగాలి

కణేకల్ వాళ్లకు అనంతపురం కన్నా బళ్ళారే దగ్గర. అయినా ధ్రువపత్రాలు, పింఛను మన జిల్లాలోనే కాబట్టి అనంతపురం తప్పదు. పుట్టుకతో వచ్చే లోపాలు, ఎదుగుదల ఆలస్యాలను చూసే సత్వర చికిత్సా కేంద్రాలను 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పెట్టారు. ప్రత్యేక అవసరాల పిల్లలకు సమగ్ర శిక్ష వాళ్ల భవిత కేంద్రాలు మండలాల్లో నడుస్తాయి. 1969లో ఈ జిల్లాలో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ బత్తలపల్లి, కళ్యాణదుర్గంతో పాటు కణేకల్‌లోనూ ఆసుపత్రి నెలకొల్పింది. ధ్రువపత్రం కోసం ఆటిజం తీవ్రత కొలిచే భారతీయ కొలమానాన్ని తయారుచేసింది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థే. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ధ్రువపత్రం అడగడం మీ హక్కు.

ఈ వ్యాసం చదివే తల్లిదండ్రులు, టీచర్లు, అంగన్‌వాడీ అక్కలు అందరినీ ఒకటే కోరుతున్నాను. మూడు రోజుల పాటు బిడ్డ తిన్నదీ తాగిందీ, విరేచనం అయిన వేళ, నిద్ర, ఏడుపు అన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. చదువు రాకపోతే బడికెళ్లే పెద్దబిడ్డతో రాయించండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అది తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. ఎవరైనా ఏ తిండి అయినా మాన్పించమంటే, దాని బదులు ఏం పెట్టాలో చెప్పేదాకా అక్కడి నుంచి లేవకండి.